క్లోరిన్ 3 చూపిస్తోంది, అయినా పూల్ పచ్చబడుతోంది. టెస్ట్ మనమే చేసుకోవాలా?

మొయినాబాద్_తోట

నమస్కారమండీ. తోటలో 26 అడుగుల పొడవు, 13 అడుగుల వెడల్పు పూల్ ఉంది. లోతు 4 నుంచి 5 అడుగులు. సాండ్ ఫిల్టర్, పంపు రోజుకి 6 గంటలు. నింపేది బోరు నీళ్లతో. తేలే డబ్బాలో టీసీసీఏ అనే క్లోరిన్ బిళ్లలు (200 గ్రాములవి) రెండు రోజులకొకటి చొప్పున అరుగుతున్నాయి.

మెయింటెనెన్స్ అబ్బాయి వారానికోసారి వస్తాడు. చిన్న గొట్టంలో నీళ్లు పట్టి, చుక్కలు వేసి, పసుపు రంగు చూసి "క్లోరిన్ 3 ఉంది సార్" అని పుస్తకంలో రాస్తాడు. నెలకోసారి సీసాలో నీళ్లు షాపుకి పంపితే అన్నీ సరిగానే ఉన్నాయి, ఆల్జీసైడ్ (నాచు మందు) వాడండి అంటారు. కానీ మూడు రోజులయ్యేసరికి గోడలు జారుడుగా, మెట్ల మూలల్లో పచ్చగా అవుతోంది. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) వేస్తే వారం బాగుంటుంది, మళ్లీ మొదలు. టైల్స్ అంచున తెల్లగా పెంకు కట్టింది.

పిల్లలు దిగుతారు కాబట్టి అడుగుతున్నాను. కిట్ కొని మనమే చూసుకుంటే నిజంగా తేడా ఉంటుందా? ఏం చూడాలి, ఎన్ని రోజులకోసారి?

పంప్‌రూమ్

ఉంటుందండీ, చాలా. మీరు రాసిన దాంట్లోనే జవాబు సగం ఉంది.

ముందు ఆ పసుపు టెస్ట్ సంగతి. దాన్ని ఓటీఓ అంటారు. అది చూపేది మొత్తం క్లోరిన్. అంటే పనిచేసే క్లోరిన్, చెమటతోనూ మూత్రంతోనూ కలిసి సత్తువ పోయిన క్లోరిన్, రెండూ కలిపి. 3 కనిపించినా అందులో పనికొచ్చేది ఒకటే కావచ్చు. పనికొచ్చే దాన్ని, అంటే ఫ్రీ క్లోరిన్‌ని, విడిగా చూపేది గులాబీ రంగు వచ్చే డీపీడీ టెస్ట్.

కానీ అసలు చిక్కు బిళ్లల్లో ఉంది. టీసీసీఏలో క్లోరిన్‌తో పాటు సయన్యూరిక్ యాసిడ్ ఉంటుంది. మన దగ్గర స్టెబిలైజర్ అంటారు. ఎండకి క్లోరిన్ ఎగిరిపోకుండా కాపాడేది అదే. అది లేకపోతే మిట్టమధ్యాహ్నం గంటలోపే సగం క్లోరిన్ పోతుంది, కాబట్టి కొంచెం కావాల్సిందే. 30 నుంచి 50 పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాములు) చాలు. అయితే క్లోరిన్ రోజూ ఖర్చవుతుంది, స్టెబిలైజర్ ఖర్చు కాదు. నీళ్లు ఆవిరైనా అది పూల్లోనే మిగులుతుంది. పూల్‌లోకి వెళ్లిన ప్రతి 10 పీపీఎం క్లోరిన్‌కీ 6 పీపీఎం స్టెబిలైజర్ చేరుతూ ఉంటుంది.

మీ లెక్కే చూద్దాం. 26 × 13 × సగటు లోతు 4.5 అంటే 1521 ఘనపుటడుగులు. 28.3తో గుణిస్తే సుమారు 43,000 లీటర్లు. 200 గ్రాముల బిళ్లలో క్లోరిన్ 180 గ్రాములు, అంటే మీ నీళ్లలో 4.2 పీపీఎం. దాంతో పాటు 2.5 పీపీఎం స్టెబిలైజర్. నెలకి 15 బిళ్లలు, అంటే 37 పీపీఎం. మూడు నెలల వేసవిలో సున్నా నుంచి 110 దాటుతుంది.

స్టెబిలైజర్ పెరిగేకొద్దీ క్లోరిన్‌ని గట్టిగా పట్టి ఉంచుతుంది. అందుకే ఫ్రీ క్లోరిన్ ఎప్పుడూ స్టెబిలైజర్‌లో 7.5 శాతానికి తగ్గకూడదు. స్టెబిలైజర్ 40 ఉంటే కనీసం 3 కావాలి. 110 ఉంటే 8కి పైన కావాలి. అదే "3 ఉంది సార్" మొదటి పూల్‌కి సరిపోతుంది, రెండో పూల్‌లో నాచుని ఆపలేదు. ఒక్క క్లోరిన్ అంకె చూసి బాగుందనడానికి లేదు. రెండూ చూడాలి.

వారానికోసారి చూడటం ఎందుకు చాలదంటే, వేసవిలో పూల్ రోజుకి 2, 3 పీపీఎం క్లోరిన్ తాగేస్తుంది. సోమవారం 3 ఉన్నది బుధవారానికి సున్నా కావచ్చు. మిగతా నాలుగు రోజులూ పిల్లలు దిగేది ఆ నీళ్లలోనే, పుస్తకంలో మాత్రం 3 అనే ఉంటుంది.

ఫ్రిస్కో_బ్యాక్‌యార్డ్

ఇక్కడ టెక్సస్‌లో పూల్ స్టోర్లు ఉచితంగా టెస్ట్ చేస్తాయి, మన తెలుగువాళ్లు చాలామంది దాని మీదే ఆధారపడతారు. అదే ఇబ్బంది ఇక్కడా ఉంది. సీసాలో పట్టిన నీళ్లు వేడెక్కిన కారులో కూర్చుంటే క్లోరిన్ దారిలోనే తగ్గిపోతుంది. సీసాలో గాలి మిగిలితే కుదుపులకి కార్బన్ డయాక్సైడ్ బయటికొచ్చి పీహెచ్ ఎక్కువ చూపిస్తుంది. పైగా టెస్ట్ చేసేది మందు అమ్మే కౌంటరు. అందరూ మోసం చేస్తారని కాదు, కానీ హడావిడిలో చేసిన టెస్టుకి ప్రతిసారీ ఒక డబ్బా కొనాల్సి వస్తుంది.

కిట్ విషయం: రంగు పోల్చి చూసేది కాకుండా చుక్కలు లెక్కపెట్టేది కొనండి. టేలర్ కె-2006 లాంటిది. కె-2005 అని దాదాపు అదే పెట్టె ఉంటుంది, అందులో క్లోరిన్‌కి రంగు పోల్చే టెస్ట్ ఇస్తారు. కొనేటప్పుడు అంకె చూసుకోండి.

నీళ్లు పట్టడం: ఫిల్టర్ నుంచి నీళ్లు తిరిగొచ్చే రిటర్న్ నాజిల్‌కి దూరంగా, గొట్టాన్ని బోర్లించి మోచేతి లోతు దాకా దింపి, అక్కడ తిప్పి నింపాలి. పైపై నీళ్లు పట్టొద్దు.

క్లోరిన్: గీత దాకా 10 మి.లీ. నీళ్లు. కిట్‌లోని చిన్న చెంచాతో రెండు చెంచాల పొడి. కలిపితే ముదురు గులాబీ అవుతుంది. ఇప్పుడు చుక్క వేయడం, కలపడం. గులాబీ పూర్తిగా పోయి నీళ్లలా అయ్యేదాకా ఎన్ని చుక్కలు పడితే అందులో సగం మీ ఫ్రీ క్లోరిన్. 7 చుక్కలైతే 3.5. అదే గొట్టంలో మూడో నంబరు సీసా నుంచి 5 చుక్కలు వేయండి. మళ్లీ గులాబీ వచ్చిందంటే సత్తువ పోయిన క్లోరిన్ ఉందన్నమాట. దాన్నీ అలాగే లెక్కపెట్టండి. అది 0.5 దాటకూడదు.

చుక్క వేసేటప్పుడు సీసా నిటారుగా పట్టుకోండి. ఏటవాలుగా పట్టుకుంటే చుక్క సైజు మారుతుంది, లెక్క తప్పుతుంది.

కూకట్‌పల్లి_విల్లా

స్ట్రిప్స్ చాలవా? ముంచితే పది సెకన్లలో అయిపోతుంది.

పంప్‌రూమ్

క్లోరిన్ ఉందా లేదా అని పైపైన చూసుకోవడానికి పర్వాలేదండీ. కానీ స్ట్రిప్‌లో స్టెబిలైజర్ గడి 30-50 నుంచి ఒక్కసారిగా 100కి దూకుతుంది. ఆ రెండు రంగుల మధ్య తేడా నీడలో ఒకలా, ఎండలో ఒకలా కనిపిస్తుంది. ఇక్కడ నిర్ణయం ఆ అంకె మీదే ఆధారపడి ఉంది. తడి చేతితో డబ్బా తెరిచినా, తేమ తగిలినా మిగతా స్ట్రిప్స్ అన్నీ చెడిపోతాయి.

ఇంకో సంగతి, రంగు పోల్చే డీపీడీ వాడేవాళ్లకి. క్లోరిన్ మరీ ఎక్కువైతే గులాబీ ఒక్క క్షణం మెరిసి తెల్లబడిపోతుంది. సున్నా అనుకుని ఇంకా క్లోరిన్ పోసేవాళ్లున్నారు. అనుమానం వస్తే పూల్ నీళ్లు ఒక వంతు, ఆర్వో నీళ్లు ఒక వంతు కలిపి టెస్ట్ చేసి రెండుతో గుణించండి. అలాగే క్లోరిన్ 10 దాటినప్పుడు పీహెచ్ టెస్టుని నమ్మకండి. అందులో వాడే ఫినాల్ రెడ్ అనే రంగుమందు ఊదాగా మారి పీహెచ్ లేనంత ఎక్కువ చూపిస్తుంది.

బోరునీళ్లు

టైల్స్ మీద పెంకు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. అది కాల్షియం. మన హైదరాబాద్ చుట్టుపక్కల బోర్లలో హార్డ్‌నెస్ 400, 500 ఉండటం మామూలే. వేసవిలో మీ సైజు పూల్‌లో రోజుకి 200 లీటర్ల దాకా ఆవిరవుతుంది. ఆవిరయ్యేది ఉత్త నీళ్లు. ఆ లోటు మళ్లీ బోరుతో పూడుస్తారు. 500 హార్డ్‌నెస్ నీళ్లు 200 లీటర్లంటే రోజుకి 100 గ్రాముల సున్నం పూల్‌లో వేసినట్టే. నెలకి 70 పీపీఎం పెరుగుతుంది. బ్లీచింగ్ పౌడర్ వాడితే అది కూడా సున్నమే, ఇంకొంచెం కలుస్తుంది.

దానికి ఆల్కలినిటీ (నీళ్లలోని క్షారగుణం) తోడైతేనే పెంకు కడుతుంది. బోరు నీళ్లలో అదీ 200 పైనే ఉంటుంది. ఆల్కలినిటీ ఎక్కువున్నన్నాళ్లూ పీహెచ్‌ని ఎంత దింపినా మళ్లీ 8 వైపు ఎక్కుతుంది. దాన్ని 70, 80కి తేవాలి. మీ పూల్‌కి 33 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్ 800 మి.లీ. సుమారు 10 పీపీఎం ఆల్కలినిటీ తగ్గిస్తుంది. ఒక్కరోజులో కాదు. పీహెచ్ 7.2కి దిగేంత పోయండి, రిటర్న్ నాజిల్స్‌ని పైకి తిప్పి నీళ్లు చిలికేలా చేయండి, పీహెచ్ 7.8కి ఎక్కాక మళ్లీ పోయండి. చిలికితే పీహెచ్ పెరుగుతుంది గానీ ఆల్కలినిటీ పెరగదు. అదే కిటుకు. బాత్రూమ్ క్లీనర్ మాత్రం వద్దు, అందులో రంగులు, సబ్బు ఉంటాయి. యాసిడ్ పోసేటప్పుడు పంపు నడుస్తుండాలి, లోతు వైపు నాజిల్ ముందు సన్నని ధారగా పోయాలి.

మైలుతుత్తం ఆపేయండి. 100 గ్రాములు వేస్తే మీ నీళ్లలో రాగి 0.6 పీపీఎం దాకా చేరుతుంది. అదీ ఎక్కడికీ పోదు. పీహెచ్ పెరిగినప్పుడు గోడల మీద నీలం, నలుపు మరకలుగా దిగుతుంది. తెల్లజుట్టు ఉన్నవాళ్లు ఈదితే పచ్చ ఛాయ వస్తుంది. ఆ రాగి మీ హార్డ్‌నెస్ టెస్టుని కూడా చెడగొడుతుంది. ఎరుపు నుంచి నీలానికి మారాల్సిన నీళ్లు ఊదా దగ్గరే ఆగిపోతాయి. అలా అయితే ముందే 5 చుక్కల టైట్రెంట్ (చుక్కలు లెక్కపెట్టే మందు) వేసి, తర్వాత మిగతా రెండు సీసాలవి వేసి, ఆ 5 కూడా లెక్కలో కలుపుకోండి.

మొయినాబాద్_తోట

కిట్ వచ్చింది, రెండుసార్లు చేశాను. ఫ్రీ క్లోరిన్ 2.5, సత్తువ పోయినది 1. పీహెచ్ 7.8, ఆల్కలినిటీ 220, హార్డ్‌నెస్ 550. స్టెబిలైజర్ గొట్టంలో అడుగున నల్లచుక్క 100 గీతకి చాలా ముందే కనపడకుండా పోయింది. దాన్ని ఎలా లెక్కేయాలి?

ఫ్రిస్కో_బ్యాక్‌యార్డ్

100 దాటితే ఆ గొట్టం అంకె చెప్పలేదండీ. పూల్ నీళ్లు సగం, ఆర్వో నీళ్లు సగం కలిపి, ఆ మిశ్రమానికి మందు కలిపి 30 సెకన్లు నెమ్మదిగా ఊపండి. బయట వెలుతురులో, ఎండకి వీపు పెట్టి, గొట్టాన్ని నడుము ఎత్తున పట్టుకుని పైనుంచి చూస్తూ కొద్దికొద్దిగా పోయండి. చుక్కని తదేకంగా చూస్తే లేకపోయినా ఉన్నట్టే అనిపిస్తుంది. పోయడం, ఒకసారి చూడటం, కళ్లు తిప్పుకోవడం, మళ్లీ పోయడం. చుక్క మాయమైన గీతని రెండుతో గుణించండి.

మొయినాబాద్_తోట

65 దగ్గర పోయింది. అంటే 130.

పంప్‌రూమ్

130కి కనీసం 10 క్లోరిన్ కావాలి, మీకున్నది 2.5. నాచు ఎందుకొస్తోందో ఇక వేరే వెతకక్కర్లేదు. స్టెబిలైజర్‌ని తగ్గించే నమ్మకమైన దారి నీళ్లు మార్చడమే. 130 నుంచి 40కి రావాలంటే 30,000 లీటర్లు తీసి కొత్తవి నింపాలి. మంజీరా, కృష్ణా నీళ్లు ట్యాంకర్‌లో దొరికితే 10,000 లీటర్లవి మూడు తెప్పించుకోండి, హార్డ్‌నెస్, ఆల్కలినిటీ కూడా దిగుతాయి. వానాకాలంలో మాత్రం పూల్ మొత్తం ఖాళీ చేయొద్దు, భూమిలో నీటిమట్టం పైకి ఉంటే కిందనుంచి తోసి తొట్టి పైకి లేస్తుంది, పగుళ్లిస్తుంది. నీళ్లు స్కిమ్మర్ (పైనీళ్లని పంపుకి లాగే నోరు) కిందకి దిగేలోపు స్కిమ్మర్ వాల్వ్ మూసేయండి, లేకపోతే పంపు గాలి లాగి సీల్ కాలిపోతుంది. తీసే నీళ్లలో క్లోరిన్ సున్నాకి దిగాకే బయటికి వదలండి, చెరువులోకి కాదు.

నింపాక పంపు ఒక రోజంతా నడిపి, స్టెబిలైజర్ మళ్లీ చూడండి. 40 వచ్చిందనుకుంటే ముందు పీహెచ్‌ని 7.2కి దింపి, సోడియం హైపో (ద్రవ క్లోరిన్)తో క్లోరిన్‌ని 16కి తీసుకెళ్లి అక్కడే నిలబెట్టాలి. గోడలు, మెట్లు, నిచ్చెన వెనక రోజూ బ్రష్ కొట్టాలి. 10 శాతం హైపో మీ పూల్‌కి 430 మి.లీ. పోస్తే 1 పీపీఎం. కానీ క్యాన్ మీద 10 అని ఉన్నా ఎండలో నిల్వ ఉన్నది 5 శాతానికి పడిపోయి ఉండొచ్చు. చీకటి పడ్డాక 2 లీటర్లు పోసి, పంపు నడిపి అరగంటకి కొలవండి. 4.6 పెరగాలి. 2.3 పెరిగితే సరుకు సగమే. కొత్త క్యాన్ వచ్చిన ప్రతిసారీ ఇది చేయండి.

ఎప్పుడు ఆపాలంటే: పొద్దుగూకాక కొలిచింది, తెల్లారేసరికి సూర్యుడు రాకముందు కొలిచింది, రెండింటి మధ్య తేడా 1కి మించకూడదు. ఎండ లేకుండా కూడా క్లోరిన్ తగ్గుతోందంటే లోపల ఏదో ఇంకా బతికే ఉంది. తేడా 1 లోపు, సత్తువ పోయినది 0.5 లోపు, నీళ్లు అడుగు దాకా తేట. మూడూ ఒకేసారి కుదరాలి. అప్పటిదాకా పిల్లల్ని దింపకండి.

తర్వాత క్లోరిన్ రోజూ, పీహెచ్ రెండు రోజులకోసారి, ఆల్కలినిటీ రెండు వారాలకి, స్టెబిలైజర్, హార్డ్‌నెస్ నెలకి. రోజు పని రెండు నిమిషాలు. కిట్‌ని పంపురూమ్‌లో కాకుండా ఇంట్లో నీడన పెట్టుకోండి, వేడికి రసాయనాలు త్వరగా పాడవుతాయి.

మిగిలిన టీసీసీఏ బిళ్లల్ని పారేయనక్కర్లేదు, నాలుగు రోజులు ఊరెళ్తే పనికొస్తాయి. కానీ వాటిని బ్లీచింగ్ పౌడర్ పక్కన గానీ, హైపో కింద గానీ పెట్టకండి. ఒకటి కారి ఇంకోదాని మీద పడితే మంటలు లేస్తాయి, పేలుతుంది కూడా. డబ్బాలు, కొలిచే మగ్గులు వేటికవి విడిగా ఉండాలి. యాసిడ్ క్యాన్ ఇంకో గదిలో, తాళం వేసి.