బిజినెస్ డిగ్రీ మరీ తేలికగా ఉంది, మేజర్ (ప్రధాన సబ్జెక్టు) మార్చుకోవాలా?

అన్నలకీ అక్కలకీ నమస్కారం. మాది విజయనగరం, మూడు లాంతర్ల దగ్గర. ఇంటర్ ఎంఈసీ చేసి ఈ ఆగస్టులో అమెరికాలో బిజినెస్ డిగ్రీలో చేరాను. మూడు వారాలైంది, క్లాసులు మరీ తేలికగా ఉన్నాయి, ఒక కోర్సులో సగం మార్కులు గ్రూప్ ప్రాజెక్టుకే. ఇంట్లో అప్పు చేసి పంపారు, రాత్రిళ్లు టెన్షన్‌గా ఉంటోంది. ఈ చదువులో సరుకుందా?

---

తమ్ముడూ, మాది కాశీబుగ్గ. ఇక్కడే ఇదే చదువు చదివి, పదకొండేళ్లుగా కాస్టింగ్ పనిలో, అంటే సరుకు తయారీకి ఎంత ఖర్చవుతుందో లెక్కగట్టే పనిలో ఉన్నాను. నీ అనుమానం సరైనదే. నాకది మూడో ఏడాదికి గానీ రాలేదు.

ఇక్కడ డిగ్రీలో అందరికన్నా ఎక్కువమంది చేరేది బిజినెస్‌లోనే. రిచర్డ్ ఆరమ్, జోసిపా రోక్సా అనే ఇద్దరు సోషియాలజిస్టులు 24 కాలేజీల్లో 2,300 మందికి పైగా విద్యార్థులను గమనించి 2011లో ఫలితాలు బయటపెట్టారు. రాయడంలో, తర్కించడంలో తక్కువ మెరుగుపడినవాళ్లలో బిజినెస్ వాళ్లున్నారు. అదే ఏడాది జాతీయ సర్వేలో వారానికి ఎన్ని గంటలు చదువుతారని చివరి ఏడాది వాళ్లను అడిగితే ఇంజినీరింగ్ వాళ్లు 19 అన్నారు, బిజినెస్ వాళ్లు 14. ఇదేమీ కొత్త ఫిర్యాదు కాదు, 1959లోనే ఫోర్డ్, కార్నెగీ సంస్థల తరఫున వచ్చిన రెండు రిపోర్టులు ఈ కోర్సుల్లో పస లేదని గట్టిగా చెప్పాయి.

అలాగని మేజర్ వదిలేయమనను. ఒకే డిగ్రీలో రెండు చదువులున్నాయి, ఏది చదవాలన్నది నీ చేతుల్లో ఉంది. ఇంటర్మీడియట్ అకౌంటింగ్ (మన ఇంటర్ కాదు, ఇక్కడి డిగ్రీలో తర్వాతి మెట్టు), ఫైనాన్స్, స్టాటిస్టిక్స్, ఆపరేషన్స్ తీసుకున్నవాళ్లను పిండేస్తారు. తేలికవి ఏరుకుంటే నాలుగేళ్లూ స్లైడ్లు చేస్తూ గడిచిపోతాయి, పట్టా మాత్రం ఇద్దరికీ ఒకటే వస్తుంది.

నా సంగతి చెప్తాను. రెండో ఏడాది ఐదుగురం కలిసి ప్రాజెక్టు చేశాం, నా వంతు స్లైడ్లు, ‘ఏ’ గ్రేడు వచ్చింది. ఆ వేసవి ఇంటర్న్‌షిప్‌లో మేనేజరు ఒక ధరల షీటు ఇచ్చి, 25 శాతం మార్జిన్‌తో అమ్మకం ధరలు వేయమంది. 80 డాలర్ల సరుకుకి 25 శాతం కలిపి 100 అని వేశాను. అది మార్కప్, అంటే ఖర్చు మీద లెక్క. మార్జిన్ అమ్మకం ధర మీద చూస్తారు. వందకి అమ్మితే మార్జిన్ 20 శాతమే, 25 రావాలంటే 106.67కి అమ్మాలి. షీటంతా అదే తప్పు. మా నాన్న పదో తరగతి దాటలేదు, పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో గుమస్తా. 80 కిలోల పిక్కల బస్తాలోంచి గుప్పెడు తీసి, నాలుగు కోసి చూసి, ఎంత పప్పు పడుతుంది, అందులో గుండు ఎంత, బద్ద ఎంత, కాల్చి ఒలిచిన కూలీ పోగా ఎంత మిగులుతుందో నోటిలెక్కన చెప్పేవాడు. ఆ రాత్రి ఆయన చిట్టా పుస్తకం గుర్తొచ్చి నాకు నిద్ర పట్టలేదు.

నువ్వు చెయ్యాల్సింది ఏంటంటే, వచ్చే సెమిస్టర్ రిజిస్ట్రేషన్‌కి ముందే సిలబస్‌లు సంపాదించి, పరీక్షలెన్ని, నువ్వొక్కడివే రాయాల్సిన పేజీలెన్ని, గ్రూప్ మార్కులెన్ని అని చూడు. ఎంఈసీ లెక్కల పునాది ఉంది కాబట్టి కాలిక్యులస్ తప్పించుకోకు. స్టూడెంట్ వీసా మీద ఉన్నావు కాబట్టి సెమిస్టర్‌కి 12 క్రెడిట్లకు తగ్గకూడదు, క్యాంపస్‌లో పని సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలు దాటకూడదు, ఆ రెండిటితో ఆటలొద్దు. ఐ-20 (వీసా కోసం కాలేజీ ఇచ్చిన పత్రం) మీద సీఐపీ కోడ్, అంటే నీ కోర్సుకిచ్చిన నంబరు కూడా చూసుకో. మామూలు అకౌంటింగ్‌కి ఓపీటీ (చదువు మీద ఇక్కడ పనిచేసే అనుమతి) 12 నెలలే, 52.1301 లాంటి మేనేజ్‌మెంట్ సైన్స్ కోడ్‌కి స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కల కోర్సుల జాబితా) కింద ఇంకో 24 నెలలు అడగొచ్చు. మీ కాలేజీ డీఎస్‌ఓని (విదేశీ విద్యార్థుల వీసా సంగతులు చూసే అధికారిని) అడిగి రూఢి చేసుకో.

---

మాది బొబ్బిలి, సీపీఏ (మన సీఏ లాంటి అమెరికా అకౌంటెంట్ లైసెన్సు) చేశాను. కాశీబుగ్గ తమ్ముడు చెప్పినవన్నీ నిజమే గానీ గ్రూప్ ప్రాజెక్టులను అంతలా తీసిపారేయొద్దు. నేను ఇంగ్లిష్‌లో నోరు విప్పింది అక్కడే. కాకపోతే స్లైడ్లు ఎవరికో వదిలేసి లెక్కలున్న భాగం నువ్వు పట్టుకో బాబూ, అందరూ వద్దనేది అదే.

అకౌంటింగ్ వైపు వెళ్తే ఒకటి గుర్తుంచుకో. డిగ్రీ 120 క్రెడిట్లు, సీపీఏ లైసెన్సుకి ఏళ్లుగా 150 అడుగుతున్నారు. ఈ మధ్య కొన్ని రాష్ట్రాలు డిగ్రీ మీద రెండేళ్ల అనుభవంతో కూడా దారి తెరిచాయి, మీ రాష్ట్రం బోర్డు సైట్‌లో ఏముందో చూసి అప్పుడు లెక్క వేసుకో. ఆ 30 క్రెడిట్ల ఫీజు చిన్నది కాదు, అప్పు చేసిన ఇంటికి ముందే తెలియాలి.

ఇప్పుడు చదువుతున్న కోర్సుల సిలబస్‌లు పంపించు, నీ పేరూ ఐడీ చెరిపేసి. ఆదివారం మధ్యాహ్నం కూర్చుని చూస్తాను.