పొట్టేలు పిల్లలు: షెడ్డులో పెంచాలా, మేపుకు తోలాలా?

వనపర్తి_రైతు:
పెబ్బేరు సంతలో 25 పొట్టేలు పిల్లలు తెచ్చాను. నెల్లూరు జోడిపి జాతివి, మూడు నెలలవి, ఒక్కోటి 13, 14 కిలోలు తూగుతోంది. షెడ్డులో దాణా పెట్టి పెంచాలా, మా బాబాయి మందలో కలిపి మేపుకు తోలాలా తేల్చుకోలేకపోతున్నా. బరువు ఒక్కటే అయితే ఇంత ఆలోచించను, మాంసం చప్పగా ఉందని ఊళ్లో పేరు పడితే మళ్లీ ఎవరూ కొనరు, అదీ నా టెన్షన్.

షెడ్డు_అన్న:
తమ్ముడూ, నావి నేలకు ఎత్తుగా చెక్కలు పరిచి కట్టిన షెడ్డులో రోజుకు 120 నుంచి 150 గ్రాములు పెరుగుతున్నాయి. పచ్చి మేతగా తరిగిన సూపర్ నేపియర్ గడ్డి, ఎండు మేతగా వేరుశనగ కట్టె, రెండు పూటలా దాణా. కానీ మొదటి బ్యాచ్‌లో తొందరపడి వారంలోనే దాణా 400 గ్రాములకు పెంచాను, రాత్రి బాగా తిన్నవే తెల్లారేసరికి నాలుగు చచ్చి పడున్నాయి. చిటుక రోగం, దాణా ఒక్కసారిగా ఎక్కువైతే పేగుల్లో విషం పుట్టి వస్తుంది. ఆ రోజు నేను అన్నం తినలేదు. దానికి టీకా వేయించి, అది పని చేయడానికి రెండు వారాలు ఆగి, దాణా 100 గ్రాములతో మొదలుపెట్టు. ఇంకోటి, తవుడు ఎక్కువ పెట్టకు, భాస్వరం ఎక్కువై పొట్టేళ్లకు మూత్రంలో రాళ్లు వస్తాయి.

మంద_కాపరి:
మాది దక్కని జాతి గొర్రెల మంద, తాతల నాటి నుంచి మేపే. వానలు పడి గడ్డి లేచినప్పుడు, తర్వాత కోసిన చేలల్లో పిల్లలు బాగానే పెరుగుతాయి. ఎండాకాలం మాత్రం తిన్నదంతా నడకకే సరిపోతుంది, బరువు అక్కడే ఆగిపోతుంది, ఒక్కోసారి తగ్గుతుంది కూడా. నట్టల మందు వానలకు ముందొకసారి, తర్వాతొకసారి తప్పకుండా తాగించాలి. ఖర్చు అంటారా, మాకు దాణా ఖర్చే లేదు, పైగా ఎరువు కోసం రాత్రిళ్లు చేలో మంద పెడితే రైతు వడ్లో డబ్బో ఇస్తాడు.

మటన్_కొట్టు:
కోసేవాడిగా చెప్తున్నా. తిరిగి మేసిన దాని కండ ముదురు ఎరుపు, కొవ్వు తక్కువ, ఉడకడానికి టైం పడుతుంది, వాసనలోనే తేడా తెలుస్తుంది. షెడ్డుది మెత్తన, కొవ్వు ఎక్కువ, అదీ మెత్తగానే ఉంటుంది. పాత కస్టమర్లు మేపుదే అడుగుతారు. ఏ పొట్టేలైనా ఎండలో ఆటోలో కుక్కి తెచ్చి వెంటనే కోస్తే మాంసం నల్లబడి గట్టిగా వస్తుంది. ఒక రాత్రి నీళ్లు పెట్టి నీడలో ఉంచండి.

వెటర్నరీ_స్టూడెంట్:
మటన్ కొట్టు గారు చెప్పింది నిజమే. బెదిరి అలసిపోతే కండలో ఉండే చక్కెర నిల్వ అయిపోతుంది, కోశాక రావాల్సిన పులుపు రాదు, అందుకే ఆ నల్లదనం. పచ్చి మేత తిన్న వాటి కొవ్వులో ఒంటికి మంచిదనే ఒమేగా 3 కూడా ఎక్కువ.

అనంతపురం_అక్క:
నేను రెండూ చేసి చూశాను. ఇప్పుడు పగలు మేపుకు తోలి, సాయంత్రం దొడ్డిలోకి రాగానే ఒక్కోదానికి 200 గ్రాముల దాణా పెడుతున్నా, రోజుకు 100 గ్రాములు పెరుగుతున్నాయి. రుచి గురించి ఇంతవరకు ఒక్కరూ మాట అనలేదు. నీకు మంద తోడు ఉంది కాబట్టి ఇదే చెయ్యి నాయనా.

వనపర్తి_రైతు:
సరే అక్కా, రేపు టీకా వేయిస్తా. దాణాలో మక్కలు, పల్లి చెక్క ఎంతెంత కలుపుతున్నారు?

అనంతపురం_అక్క:
పది కిలోలకు మక్కలు ఐదు, చెక్క రెండున్నర, తవుడు రెండు, మిగతా అర కిలో మినరల్ మిక్చర్, ఉప్పు. మక్కలు పిండి చేయొద్దు, నూకగా పట్టించు.