ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్లు: పిల్లకు సరిపోయే కాలేజీ అని ముందే తెలిసేదెలా?

నల్లగొండ అమ్మ:
అందరికీ నమస్కారం. మా పాపకు ఎప్‌సెట్‌లో ఇరవై రెండు వేల ర్యాంకు వచ్చింది. ఇంటర్ రెండేళ్లూ హాస్టల్లో ఉంచి చదివించాం. పొద్దున ఐదింటి నుంచి రాత్రి పదింటి దాకా స్టడీ అవర్లే. సెకండియర్‌కి వచ్చేసరికి పిల్ల నవ్వడం మానేసింది. ఆదివారం ఫోన్ చేస్తే "బాగానే ఉన్నా" అని పెట్టేసేది. అదే తప్పు మళ్లీ చెయ్యలేను. చుట్టాలంతా ప్లేస్‌మెంట్లు చూడమంటున్నారు. నాకు మాత్రం పిల్ల నాలుగేళ్లు ప్రశాంతంగా ఉండగలిగే చోటు కావాలి. హైదరాబాద్ శివార్లలో రెండు, వరంగల్‌లో ఒకటి అనుకున్నాం. చూసినవాళ్లు, చదివినవాళ్లు చెప్పండి.

బస్సులో నాలుగేళ్లు:
శివారు కాలేజీ అయితే, ఇంటి నుంచి పంపుతారా, హాస్టలా అన్నది ముందు తేల్చుకోండి మేడమ్. మాది కూకట్‌పల్లి, కాలేజీ ఇబ్రహీంపట్నం వైపు. 6:40కి బస్సెక్కితే ఇంటికొచ్చేసరికి రాత్రి ఏడు. ల్యాబ్ రికార్డులు బస్సులోనే రాసేదాన్ని, గుంతల రోడ్డులో గీతలన్నీ వంకర పోయేవి. క్లబ్బులు, ప్రాక్టీసులు మొదలయ్యేది నాలుగింటికి, మా బస్సు కదిలేది నాలుగుంపావుకి. కాలేజీ మంచిదే, నాకే దక్కలేదు.

పాత లెక్చరర్:
కాలేజీల నాణ్యత చూసి న్యాక్ సంస్థ ఇచ్చే గ్రేడు కాలేజీ మొత్తానికి ఉంటుంది, కోర్సుల నాణ్యత చూసి ఎన్‌బీఏ సంస్థ ఇచ్చే గుర్తింపు బ్రాంచీల వారీగా ఉంటుంది. పాప తీసుకోబోయే బ్రాంచికి ఎన్‌బీఏ ఉందో లేదో చూడండి. రాత్రి ఎనిమిదింటికి హాస్టల్ ఎలా ఉంటుందో ఆ రెంటిలో దేనివల్లా తెలియదమ్మా.

మెస్ క్యూ:
అక్కా, నేను ఇప్పుడు థర్డ్ ఇయర్. మమ్మల్ని చూడ్డానికి రమ్మన్న రోజు కాలేజీలో కొత్త బెడ్‌షీట్లు, మెస్‌లో పనీర్. చేరాక చూస్తే, లైబ్రరీ రాత్రి ఎనిమిది దాకా తెరిచి ఉంటుంది, అమ్మాయిల హాస్టల్ గేటు మాత్రం ఆరున్నరకే వేసేస్తారు. అబ్బాయిలకు తొమ్మిదిన్నర. ఫీజు ఇద్దరికీ ఒకటే, లైబ్రరీ మాత్రం వాళ్లకే! పరీక్షలప్పుడు మేం కారిడార్‌లో కింద కూర్చుని చదువుకునేవాళ్లం. నేను అడగాల్సిన ప్రశ్న అదొక్కటే, అడగలేదు.

మామూలు పనిరోజు వెళ్లండి. సాయంత్రం నాలుగున్నరకి గేటు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపు దగ్గర ఓ అరగంట నిలబడండి. స్టాఫ్ ఎవరూ లేనప్పుడు ఫస్టియర్ అమ్మాయిల్ని పలకరించండి. "కాలేజీ ఎలా ఉంది?" అంటే "బాగుందాంటీ" అనేస్తారు. "జ్వరమొస్తే ఎవరు తీసుకెళ్తారు? ఇంటికెళ్లాలంటే ఎవరి సంతకం కావాలి?" అని అడగండి, అప్పుడు చెప్తారు.

కాకినాడ తెలుగు మీడియం:
నేను చదివింది కాకినాడ జేఎన్‌టీయూలో, 1946లో మొదలైన కాలేజీ. మాది మారుమూల ఊరు, నాకు ఇంగ్లీషంటే భయం. మా ర్యాంకు పిల్లల్లో సగంమందిది అదే పరిస్థితి కాబట్టి సిగ్గు పోయింది. సీనియర్లు పుస్తకాలిచ్చారు, ఒకన్నయ్య ఎం-త్రీ (మూడో మ్యాథ్స్ పేపరు) రాత్రిళ్లు కూర్చోబెట్టి చెప్పాడు. నాకు అదే వాతావరణం.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఇంటర్‌లో కట్టేసి ఉంచిన పిల్లలకు ఒక్కసారిగా వదిలేసే చోటు కష్టంగానే ఉంటుంది. ఫస్ట్ సెమ్‌లో నన్ను లేపేవాళ్లు లేక హాజరు 75 శాతం కంటే తగ్గింది. 65 పైన ఉంది కాబట్టి కండొనేషన్ ఫీజు కట్టి బయటపడ్డాను. మీ పాపను అడగండి, ఎంత స్వేచ్ఛ అయితే తను తట్టుకోగలదో.

ఇద్దరు పిల్లల నాన్న:
ర్యాగింగ్ గురించి కూడా కనుక్కోండి. యూజీసీ 2009 నిబంధనల ప్రకారం వీలున్నంతవరకు ఫస్టియర్ వాళ్లకు వేరే బ్లాక్ ఉండాలి. ఉందా లేదా అని మాటతో సరిపెట్టుకోక, వెళ్లి కళ్లారా చూడండి. 1800-180-5522 హెల్ప్‌లైన్ నంబరు పాప ఫోన్‌లో సేవ్ చేసి పెట్టండి.

ఆప్షన్ల వరుస కూడా జాగ్రత్త. కౌన్సెలింగ్ తర్వాతి విడతలో పై ఆప్షన్ వస్తే, అంతకుముందు వచ్చిన సీటు పోతుంది. మనసుకు నచ్చని కాలేజీని పేరు కోసం పైన పెట్టకండి.

నల్లగొండ అమ్మ:
అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మంగళవారం ముగ్గురం వరంగల్ వెళ్లాం. జిరాక్స్ షాపు మాట గుర్తుపెట్టుకుని సాయంత్రం దాకా ఆగాం. మావారిని టీ కొట్టు దగ్గరే ఉండమని నేనూ పాపా గేటు దగ్గర నిలబడ్డాం. ఖమ్మం నుంచి వచ్చిన ఒకమ్మాయి, ఈసీఈ సెకండియర్, హాస్టల్ గేటు ఎనిమిదిన్నరకి వేస్తారని చెప్పింది. కిందటేడు తనకు డెంగీ వస్తే వార్డెన్ మేడమే రెండు రాత్రులు ఆస్పత్రిలో ఉన్నారట. మెస్‌లో మాత్రం సాంబారు నీళ్లేనంది. అది విని మా పాప పకపకా నవ్వింది. అలా నవ్వగా చూసి ఎన్నాళ్లయిందో.

రాత్రి ఆప్షన్ల వరుస తనే రాసుకుంది. వరంగల్‌ది పైన, ఘట్‌కేసర్ వైపుది రెండోది, మూడోదాన్ని తనే కొట్టేసింది. ఆ ఖమ్మం అమ్మాయి నంబరు కూడా తీసుకుంది.