అప్‌డేట్: ఒమాహా హై-లోలో ఇద్దరి వాటాలు కలిపితే 100 శాతం దాటడం (పరిష్కారమైంది)

భీమవరంలో పండక్కి డబ్బుల్లేకుండా, ఉత్త చిప్స్‌తో ఆడే ఒమాహా హై-లోకి (చేతికి నాలుగేసి ముక్కలు పంచే పోకర్; పాట్, అంటే పందెం మొత్తంలో సగం హైకి, అంటే పెద్ద చేతికి, సగం లోకి, అంటే చిన్న చేతికి) రాసుకున్న ప్రోగ్రాంలో రెండు చేతుల వాటాలు (ఒక్కో చేతికి పాట్‌లో సగటున వచ్చే శాతం) కలిపితే వంద దాటుతున్నాయని అడిగాను కదండీ. తేలింది. సాయం చేసినవాళ్లందరికీ ధన్యవాదాలు.

"గెలుపులు లెక్కపెట్టకు, ప్రతి బోర్డుకీ ఒక పాట్ పంచు" అన్న సలహాయే పనిచేసింది (బోర్డు అంటే మధ్యలో అందరికీ ఉమ్మడిగా పరిచే ఐదు ముక్కలు). పాట్‌ని 1 అనుకుంటే, లోలో ఇద్దరూ సమానమైనప్పుడు ప్రోగ్రాం చెరో 0.5 ఇచ్చేస్తోంది. రావాల్సింది 0.25. ఇద్దరి దగ్గరా ఏస్-2 ఉండి అదే బెస్ట్ లో అయితే, హై గెలిచినవారికి 0.75, రెండోవారికి 0.25. బోర్డులో 8, అంతకంటే తక్కువవి మూడు వేర్వేరు అంకెల ముక్కలు లేకపోతే లో ఉండదు, హైకే మొత్తం 1. స్ట్రెయిట్ (వరుస అంకెలు), ఫ్లష్ (అన్నీ ఒకే గుర్తు) అయినా లో చేతికి అడ్డురావు.

షఫుల్‌కీ, శాంపిల్స్ (యాదృచ్ఛికంగా తీసి చూసే బోర్డులు) సంఖ్యకీ దీనితో సంబంధం లేదు. పదివేల శాంపిల్స్‌కి తేడా సుమారు అర శాతమే వస్తుంది, పైగా మొత్తాన్ని వంద దాటించలేదు. అయినా ఇద్దరికైతే శాంపిల్ ఎందుకండీ? మిగిలిన 44 ముక్కల్లోంచి వచ్చే బోర్డులు 10,86,008. ఒక్కోదానికి చేతికి 60 కలయికలు (చేతిలోంచి కచ్చితంగా రెండు, బోర్డులోంచి మూడు). అన్నీ తిప్పేయొచ్చు. ఇప్పుడు మొత్తం సరిగ్గా 100 వస్తోంది.