అరకు ఒక్కరోజు టూర్: మోకాళ్ల నొప్పులున్న అమ్మతో వెళ్లొచ్చా?

డిసెంబర్‌లో అమ్మా నేనూ వైజాగ్ వస్తున్నాం. గైడ్ ఉండే ఒక్కరోజు అరకు ప్యాకేజీ చూశాను. పొద్దున రైల్లో వెళ్లి, సాయంత్రం అనంతగిరి ఘాట్ మీదుగా బస్సులో తిరిగి రావడం. సొరంగాల్లోంచి వెళ్లే ఆ రైలు ఎక్కాలని అమ్మకు ఎప్పటినుంచో కోరిక.

నా టెన్షన్ అంతా బొర్రా గుహల దగ్గరే. ఆమెకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. అక్కడ మెట్లు బాగానే ఉంటాయి కదా, మధ్యలో కాసేపు కూర్చుంటానంటే గైడ్ ఆగుతారా, గ్రూపుతో పరుగెత్తిస్తారా? ఘాట్ మలుపుల్లో వాంతులయ్యేది మాత్రం నాకే (నవ్వకండి), బస్సులో ముందు సీట్లు అడిగితే ఇస్తారా? గిరిజన మ్యూజియం, కాఫీ తోటలు వదిలేసినా పర్లేదు, బొంగులో చికెన్ మాత్రం వదలను. లేక కారు మాట్లాడుకోవడమే మేలంటారా? పెద్దవాళ్లతో ఈమధ్య వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి.