రెడ్ రివర్ గార్జ్ ట్రిప్: ఏ గోడకు ఏ వేవర్, ఎక్కడ డబ్బు కట్టాలి?

ప్రశ్న (కొలంబస్ నుంచి)

అందరికీ నమస్కారం. అక్టోబరులో ఒక వీకెండ్ రాక్ క్లైంబింగ్ కోసం కెంటకీలోని రెడ్ రివర్ గార్జ్‌కి వెళ్దామనుకుంటున్నాం. పెద్దవాళ్లం ఆరుగురం, పిల్లలు ఇద్దరు. 9 ఏళ్ల పాప మాది. 13 ఏళ్ల బాబు మా ఫ్రెండ్ కొడుకు, వాళ్ల అమ్మానాన్నలు రావడం లేదు. ఇండియా నుంచి వచ్చిన మా అమ్మ కూడా వస్తుంది. ఆవిడ ఎక్కదు, కింద కూర్చుంటుంది. కుక్కను కూడా తీసుకెళ్దామని ఉంది.

మ్యూర్ వ్యాలీ, పీఎంఆర్‌పీ, మిలిటరీ వాల్ అనే చోట్ల కొండ గోడలు ఎక్కాలనుకుంటున్నాం. ఇక్కడి క్లైంబింగ్ జిమ్‌లో అందరం వేవర్ (దెబ్బ తగిలితే దావా వేయమని రాసిచ్చే ఫారం) సంతకం పెట్టాం, నేషనల్ పార్కుల 80 డాలర్ల పాస్ కూడా ఉంది. ఇవి చాలవా? ఖర్చుల కోసం తలా 60 డాలర్లు ముందే వసూలు చేస్తే ఇబ్బందేమైనా ఉందా?

జవాబు 1 (గార్జ్ దారి)

చాలవండీ. జిమ్ వేవర్ ఆ జిమ్ గోడల మధ్యే పనిచేస్తుంది. 80 డాలర్ల పాస్ ఫెడరల్ స్థలాలది, మీరు చెప్పిన మూడింట్లో రెండు ప్రైవేటువి. గార్జ్‌కి గేటు, టికెట్ కౌంటర్ లేకపోవడంతో అంతా ఒకే పార్కు అనుకుంటారు. నిజానికి గోడ గోడకూ ఓనరు మారతాడు. అందుకే రూట్లు ఎంచుకునే ముందు ఆ గోడ ఎవరిదో చూసుకోవాలి.

మ్యూర్ వ్యాలీ ‘ఫ్రెండ్స్ ఆఫ్ మ్యూర్ వ్యాలీ’ అనే లాభాపేక్ష లేని సంస్థది. వెబర్ దంపతులు 2015లో ఆ లోయ మొత్తాన్ని ఆ సంస్థకు రాసిచ్చేశారు. లోపలికి వచ్చే ప్రతి మనిషీ ఆన్‌లైన్ వేవర్ ఇవ్వాలి, ఎక్కినా ఎక్కకపోయినా. అంటే మీ అమ్మగారు కూడా. ఫీజు కారు పార్కింగ్‌కి కడతారు కాబట్టి ఎనిమిది తొమ్మిది మందికి మూడు కార్లు కాకుండా రెండు కార్లలో సర్దుకోండి. కుక్కల్ని రానివ్వరు. లోపల క్యాంపింగ్ కూడా లేదు. బ్రూయిజ్ బ్రదర్స్ లాంటి తేలిక గోడలు పిల్లలకు బాగుంటాయి. కాకపోతే పార్కింగ్ పైన, గోడలు కింద లోయలో. సాయంత్రం తిరిగి ఎక్కే దారి నిటారుగా ఉంటుంది. అమ్మగారి మోకాళ్ల సంగతి ముందే ఆలోచించుకోండి.

పీఎంఆర్‌పీ, అంటే పెండర్‌గ్రాస్-మర్రీ రిక్రియేషనల్ ప్రిజర్వ్, రెడ్ రివర్ గార్జ్ క్లైంబర్స్ కోయలిషన్ అనే క్లైంబర్ల సంస్థ 2004లో కొన్న సుమారు 750 ఎకరాలు. సోలార్ కలెక్టర్, డ్రైవ్-బై అనే గోడలు అక్కడివే. ప్రవేశ రుసుము లేదు, వేవర్ మాత్రం తప్పనిసరి. విరాళాల మీదే నడుస్తుంది, తోచింది ఇచ్చి రండి. 2013లో కొన్న మిల్లర్ ఫోర్క్, మదర్‌లోడ్ గోడ ఉన్న బాల్డ్ రాక్ కూడా కోయలిషన్‌వే. కోయలిషన్ వేవర్ వేరు, మ్యూర్ వేవర్ వేరు. ఒకటి నింపితే రెండోది నింపినట్టు కాదు, ఎక్కువమంది పొరబడేది ఇక్కడే.

పీఎంఆర్‌పీలో ఇంకో సంగతి. భూమి కోయలిషన్‌ది అయినా కింద ఉన్న చమురు హక్కులు వేరేవాళ్లవి. ఆ మట్టిరోడ్ల మీద చమురు కంపెనీల ట్రక్కులు తిరుగుతుంటాయి. పంపుల దగ్గరగానీ ఇరుకు మలుపుల్లోగానీ కారు ఆపితే ట్రక్కుకి దారి ఉండదు, ఆ మాట వచ్చేది క్లైంబర్లందరి మీదికీ. పార్కింగ్ అని గుర్తు పెట్టిన చోటే ఆపండి. వాన పడ్డాక కింద తగిలే సెడాన్‌తో ఆ రోడ్డు దిగకండి.

మిలిటరీ వాల్ డేనియల్ బూన్ నేషనల్ ఫారెస్ట్‌లోది. పగటిపూట ఎక్కడానికి వేవర్ లేదు, రుసుమూ లేదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా కారు అక్కడ ఉంటే మాత్రం ఓవర్‌నైట్ పాస్ కొని కనబడేలా పెట్టాలి. టెంట్ వేస్తే కొండ పాదానికి, రాతి గుహ వెనక గోడకు 100 అడుగుల లోపు వేయకూడదు. ఆ గుహల్లో పాతకాలపు మనుషుల ఆనవాళ్లు, అరుదైన మొక్కలు ఉన్నాయి. అందుకే కొన్ని గోడలు మూసి ఉంచుతారు. బోర్డు కనిపిస్తే వెనక్కి వచ్చేయండి.

జవాబు 2 (కాగితాల మనిషి)

ఆ 13 ఏళ్ల బాబు విషయం ఇవాళే చూడండి. మైనరు తరఫున కన్న తల్లిదండ్రులో చట్టపరమైన గార్డియనో సంతకం పెట్టాలి. ‘అంకుల్’ సంతకం చెల్లదు. వాళ్ల అమ్మో నాన్నో తమ ఈమెయిల్ నుంచే రెండు ఫారాలూ నింపి కన్ఫర్మేషన్ మీకు పంపాలి. పెద్దవాళ్లు కూడా ఎవరిది వాళ్లే నింపాలి. టీమ్ లీడర్ ఒక్కడే అందరి పేర్లూ టైప్ చేసి సబ్మిట్ కొడితే అది ఒక్కడి సంతకమే.

ఇంత పట్టు ఎందుకంటే, ఉచితంగా జనాన్ని రానిచ్చే భూయజమానికి కెంటకీ చట్టం (కె.ఆర్.ఎస్. 411.190) కొంత రక్షణ ఇస్తుంది. వేవర్ దానికి తోడు. పిల్లల విషయంలో ఆ తోడు బలహీనం. 2019లో కెంటకీ సుప్రీంకోర్టు, లాభాపేక్షతో నడిచే వ్యాపారం పిల్లల కోసం తల్లిదండ్రుల చేత ముందే రాయించుకున్న వేవర్ చెల్లదని తీర్పిచ్చింది. అది లూయివిల్‌లోని ఒక ట్రాంపొలిన్ పార్కు కేసు. ఈ సంస్థలు లాభాపేక్ష లేనివి, అయినా పిల్లల ఫారాల దగ్గర ఉదారంగా ఉంటారని ఆశించకండి. ఉండకూడదు కూడా, ఒక్క పెద్ద దావా పడితే ఆ గోడలు అందరికీ మూతపడతాయి.

అడిగినవారు

చాలా థాంక్సండీ. బాబు వాళ్ల అమ్మకి లింకులు పంపాను. కుక్కని ఇక్కడే బోర్డింగ్‌లో పెడతాం. మరి ఆ 60 డాలర్లు?

జవాబు 3 (బెలే స్టేషన్)

క్యాబిన్, పెట్రోలు, పార్కింగ్ అయినంత లెక్కేసి సమంగా పంచుకుంటే గొడవ లేదు. ‘ట్రిప్ ఫీజు 60’ అని పోస్టర్ వేసి ఎవరైనా చేరొచ్చంటే కథ మారుతుంది. ఫారెస్ట్ సర్వీస్ నిబంధనల ప్రకారం పాల్గొనడానికి రుసుము తీసుకుంటే అది కమర్షియల్ కిందికే వస్తుంది, లాభం మిగిలిందా లేదా అని చూడరు. అప్పుడు ముందే పర్మిట్ ఉండాలి. ప్రైవేటు స్థలాల్లోనూ డబ్బు తీసుకుని ఎక్కించే గైడ్లకు వేరే అనుమతులు, ఇన్సూరెన్సు ఉంటాయి. కాబట్టి ముందు వసూలు మానేసి, రసీదులు దాచి, తిరిగొచ్చాక పంచుకోండి. తాడు కట్టి నేర్పించినందుకు ఎవరికీ ఒక్క డాలరు కూడా ఇవ్వొద్దు. నేర్పేవాళ్లు కావాలంటే ఆ స్థలంలో అనుమతి ఉన్న గైడ్‌నే పెట్టుకోండి.

జవాబు 4 (గార్జ్ దారి)

ఇంకో రెండు మాటలు. వేవర్ ఎవరి ఆసుపత్రి బిల్లూ కట్టదు. ఇండియా నుంచి వచ్చే పెద్దవాళ్లకు తీసుకునే విజిటర్ ఇన్సూరెన్సుల్లో చాలావాటిలో రాక్ క్లైంబింగ్ దెబ్బలకు కవరేజీ ఉండదు. అమ్మగారు ఎక్కకపోయినా పాలసీలో ఆ పేజీ చదవండి, సరదాగా ఒక్కసారి అని హార్నెస్ మాత్రం కట్టకండి. ఆవిడ గోడ కింద కాకుండా రాళ్లు, క్విక్‌డ్రాలు (తాడు తగిలించే క్లిప్పులు) పడే వరస దాటి కూర్చోవాలి. కింద ఉన్నా హెల్మెట్ పెట్టండి.

గార్జ్‌లో ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. పార్కింగ్‌లో నిలబడి వేవర్ నింపుదామంటే కుదరదు. కొలంబస్‌లో బయల్దేరే ముందే కన్ఫర్మేషన్ల స్క్రీన్‌షాట్లు, ఆఫ్‌లైన్ మ్యాపు ఇద్దరి ఫోన్లలో పెట్టుకోండి. ఇక రోజుకి ఒక్క ఓనరు స్థలమే పెట్టుకోండి. అక్టోబరు శనివారం మ్యూర్ పార్కింగ్ త్వరగా నిండిపోతుంది. అందుకని శనివారం పీఎంఆర్‌పీ, ఆదివారం పొద్దున్నే మ్యూర్ చూసుకోండి. నిండిపోతే రోడ్డు పక్కన ఆపకుండా నేరుగా మిలిటరీ వాల్‌కి వెళ్లిపోండి, అక్కడ ఏ ఫారమూ అక్కర్లేదు.