ఉదజనిలో ‘జని’: కన్నదా, పుట్టినదా?

అడిగినవారు (హనుమకొండ): బళ్ళో సైన్సు సారు గొంతెత్తి చదివించిన వాక్యం ఒకటి నన్ను వదలట్లేదు. “ఉదజని తాను మండు, ఆమ్లజని మండజేయు, నత్రజని...” అక్కడే ఆగిపోతోంది (హైడ్రోజన్, ఆక్సిజన్, నైట్రోజన్‌లకు తెలుగు పేర్లివి). ‘మంటనార్పు’ అనా, ‘దూరముండు’ అనా? ఎవరికైనా గుర్తుందా?

కరీంనగర్: మూడోది తర్వాత చూద్దాం గానీ, నాకు మొదటి మాటే పడదు. జని అంటే పుట్టుక. ఉదజని అంటే నీళ్ళలో పుట్టిందనే వస్తుంది. జరిగేది తలకిందులు కదా, అది మండితేనే నీరు పుట్టేది. ఉదజనకం అనాల్సింది.

కాజీపేట: బహువ్రీహి (రెండు మాటలు కలిసి మూడోదాన్ని చెప్పే సమాసం) చేసి చూడండి సార్. ఉదకానికి జని దేనివల్లనో అది ఉదజని. చక్కగా కుదురుతుంది.

కరీంనగర్: అట్లా విగ్రహవాక్యం చెప్పుకుంటూ పోతే నిలవని సమాసమే ఉండదు. వినగానే బడిపిల్లలకు ఏ అర్థం తడుతుందో చెప్పండి.

జనగామ: అన్నా, ఈ చిక్కు మనవాళ్ళు తెచ్చింది కాదు. 1787లో ఫ్రాన్సు రసాయనవేత్తలు లవాజియే, మొర్వో వాళ్ళు హైడ్రోజన్ అని పేరు కట్టినప్పుడే ఉంది. గ్రీకులో ‘గెనెస్’ చివర చేరితే మామూలుగా ‘పుట్టినది’ అనే అర్థం. వాళ్ళు ‘పుట్టించేది’ అని వాడుకున్నారు. ఆక్సిజన్ సంగతి ఇంకా అన్యాయం. పులుపుకంతా మూలం అదేనని లవాజియే నమ్మి ఆ పేరు పెట్టాడు. ఉప్పు తేజాబులో (హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో) దాని జాడే లేదని 1810లో ఇంగ్లండు రసాయనవేత్త డేవీ తేల్చాడు. అయినా పేరు పోలేదు, మన ఆమ్లజనీ పోలేదు.

ఇలాంటి చోట మా బమ్మెర పోతనను చూడాలి. గజేంద్రమోక్షంలో “ఎవ్వనిచే జనించు జగము” అన్నాడు. ఆ ‘చే’ ఒక్కటి చాలు, కన్నదెవరో పుట్టిందేదో తేలిపోయింది.

కాజీపేట: తేలలేదు. సంస్కృత భాగవత మూలంలో ‘యతశ్చేదం’, అంటే ‘ఎవనివల్ల ఇది’ అని ఉంది. పోతన పంచమి (‘వల్ల’) వదిలి తృతీయ (‘చే’) పట్టాడు. ఆ ‘చే’ కర్తను చెబుతోందా, కరణాన్నా (సాధనాన్నా)?

జనగామ: హేతువును. ‘ఎవ్వనివల్ల’ అని పెట్టి చదవండి, ఉత్పలమాల నడక అక్కడే విరిగిపోతుంది. వెంటనే “లోపల నుండు లీనమై” వస్తోంది చూశారా, ఆ లకారాల వరస కోసమైనా ముందు మాట తేలిగ్గా ఉండాలి.

కాజీపేట: నడక కోసం విభక్తి మార్చే కవి కాదాయన. కర్తే.

వరంగల్ (ఖిలా): నాకు వ్యాకరణం కన్నా వాడుక మీదే మక్కువ. కళాయి వేసేటప్పుడు ఇత్తడి గిన్నె బొగ్గుల మీద కాల్చి, నవసాగరం (అమ్మోనియం క్లోరైడు) చల్లి, తగరం ముక్క అంటించి దూదితో గిర్రున రుద్దేవాళ్ళు. తెల్లటి పొగ లేచేది, గిన్నె లోపల వెండిలా మెరిసేది. పుస్తకంలో తగరం అని చదివినా మాకు ఆ లోహం కళాయే. అరబీలో అది తగరం పేరే. జని గిని అక్కర్లేకుండా నిలిచిన మాట.

హుజూరాబాద్: అడిగినవారికి చెబుతున్నా, మా బళ్ళో “నత్రజని ఊరకుండు” అనేవాళ్ళు. తూగు కూడా సరిపోయింది.

కరీంనగర్: తూగు సరే, ఊరకెక్కడుంటుంది? మండుతున్న మెగ్నీషియం తీగను నత్రజని జాడీలో దించండి, ఆరదు. ‘ఊరకుండు’ అని ఏ సైన్సు సారూ చెప్పి ఉండరు.

హుజూరాబాద్: మా సారు చెప్పారు.